పథ్యం చెప్పని వైద్యుడు: పాలమూరు, నల్లగొండ సీమల్లో కేన్సర్ సంరక్షణ కథ

మా పాలమూరు, నల్లగొండ ప్రాంతాలలో రోగి మందుల చీటీ అందుకున్న తరువాత కూడా కుర్చీలోంచి లేవడు. ఇంకొక ప్రశ్న మిగిలి ఉంటుంది. "పథ్యం ఏంది సారూ?" ప్రభుత్వ సర్వీసులో ఉన్న ముప్పై మూడేండ్లలో ఈ ప్రశ్న ఎన్ని వేల సార్లు విన్నానో చెప్పలేను. నా జవాబు మాత్రం ఒక్కటే: "ఏమీ లేదు, అన్నీ తినొచ్చు." ఆధునిక వైద్యం చదివిన మా తరం డాక్టర్లకు అది కొంత గర్వంగా చెప్పుకునే మాట. పథ్యం పాతకాలపు సంగతి అనీ, మందు పనిచేస్తే చాలుననీ మా ధీమా. జ్వరానికీ విరేచనాలకూ వచ్చినవారి విషయంలో ఆ జవాబు వల్ల పెద్ద నష్టమేమీ జరగలేదు. కేన్సర్ రోగి విషయంలో అదే మాట ఏమి చేయగలదో తెలిసేసరికి ఒక ప్రాణం పోయింది.

1980ల తొలి రోజులు. నల్లమల అంచున ఉన్న ఒక తాలూకా దవాఖానలో పనిచేస్తున్నాను. నలభై అయిదేండ్ల రైతు స్త్రీ ఎడమ రొమ్ములో గడ్డతో వచ్చింది. గడ్డను ఏడాదిగా దాచుకున్నది. నేను హైదరాబాదుకు పంపితే అక్కడ ఆపరేషన్ చేసి, అయిదు వారాలు 'కరెంటు' పెట్టినారు. రేడియేషన్‌ను మా ప్రజలు నేటికీ అలాగే అంటారు. తిరిగి వచ్చినాక భర్తతో కలిసి నా దగ్గరకు వచ్చింది. చర్మం కమిలి నల్లబడింది గాని గాయం మానింది. చంకలోనూ, మెడలోనూ, కాలేయం దగ్గరా చేయి పెట్టి చూస్తే ఏమీ తగలలేదు. నాకు సంతోషం కలిగింది. పథ్యం సంగతి అడిగినారు. "ఏమీ లేదమ్మా, అన్నీ తిను" అన్నాను. భర్త ముఖంలో ఏదో మారింది. నేను గమనించినాను కాని అడగలేదు. బయట నలభై మంది వరుసలో ఉన్నారు.

నాలుగు నెలలకు ఆమెను ఎడ్లబండి మీద నులక మంచంతో సహా తెచ్చినారు. తూకం వేస్తే ముప్పై ఒక్క కిలోలు. నోరంతా పూసింది, కాళ్ళు నీరు పట్టినాయి, ఊపిరితిత్తుల్లో చీము. గడ్డ మాత్రం అప్పుడు కూడా నా చేతికి ఎక్కడా తగలలేదు. నాలుగు నెలలుగా ఏమి తిన్నదని మొదటిసారి అడిగినాను. ఉప్పు లేని జొన్నరొట్టె, మజ్జిగ తేట. పప్పు లేదు, తింటే చీము పడుతుందట. గుడ్డు, మాంసం, పల్లీలు లేవు, వేడి చేస్తాయట. పాలు లేవు, గడ్డ పెరుగుతుందట. వంకాయ, పుంటికూర, చింతపండు ఎలాగూ లేవు. నలభై ఒక్క దినాల నియమం అని మొదలై, మేలు కనబడకపోతే మళ్ళీ నలభై ఒకటి, ఆపైన మరొకటి. మూడో రోజు ఆమె చనిపోయింది. మరణ కారణం దగ్గర నేను 'కేన్సర్' అని రాసినాను. ఇవాళ రాయవలసి వస్తే అలా రాయను.

నియమం పెట్టిన వైద్యుని మీద నా కోపం చాలాకాలం ఉండిపోయింది. అసలు సంగతి ఆమె భర్త తరువాత ఒకనాడు చెప్పినాడు. "దవాఖానల అన్నీ తినుమన్నరంటే, ఇగ చేసేదేం లేదన్నట్టే గద సారూ." మా పల్లెల్లో ఆ మాటకు నిజంగానే ఆ అర్థం ఉన్నది. రోగి బతకడని తెలిసినప్పుడే "ఏది అడిగితే అది పెట్టండి" అని పెద్దలు అంటారు. పథ్యం చెప్పినాడంటే వైద్యుడు ఇంకా పోరాడుతున్నాడని లెక్క. చెప్పలేదంటే చేతులెత్తేసినాడని లెక్క. నేను శుభవార్త అనుకుని చెప్పినది ఆ ఇంట్లో మరణవార్తగా వినబడింది. అటువంటప్పుడు వాళ్ళు పథ్యం చెప్పే మనిషిని వెతుక్కోవడంలో ఆశ్చర్యమేమున్నది?

పథ్యం అనే మాట 'పథం' నుంచి వచ్చింది. శరీరం నడిచే దారికి హితమైనది పథ్యం. ఆయుర్వేదంలో అది తినకూడని వాటి జాబితా మాత్రమే కాదు, తినవలసిన వాటి ఎంపిక కూడా. పల్లెకు చేరేసరికి రెండో సగం రాలిపోయి నిషేధాలు మిగిలినాయి. పైగా 'లంఖణం పరమౌషధం' అనే సామెత ఒకటి. మూడు రోజుల అజీర్తి జ్వరానికి ఆ సామెత పనికివస్తుందేమో, కేన్సర్‌కు పనికిరాదు. కేన్సర్ శరీరంలోని కండరాన్ని కరిగిస్తుంది. దానికి తోడు కీమోథెరపీ ఆకలిని చంపుతుంది, రేడియేషన్ నోటినీ గొంతునూ కాలుస్తుంది. ఈ మూడింటితో పోరాడే శరీరానికి నాలుగో శత్రువుగా ఉపవాసాన్ని చేర్చినట్లవుతుంది.

ఈ ఖాళీ ఎలా ఏర్పడిందో తెలియాలంటే కొంత వెనక్కు పోవాలి. రాచపుండు అని మన పూర్వులు పిలిచిన ఈ వ్యాధికి హైదరాబాదులో ప్రత్యేకమైన ప్రభుత్వ ఆసుపత్రి 1955లో వచ్చింది. నాటి హైదరాబాదు రాష్ట్ర మంత్రి మెహదీ నవాజ్ జంగ్ చొరవతో ఏర్పడిన ఆ ఆసుపత్రి నేటికీ ఆయన పేరుతోనే, ఎం.ఎన్.జె. కేన్సర్ ఆసుపత్రిగా, రెడ్ హిల్స్‌లో నడుస్తున్నది. ఆయన తరువాత 1960లో గుజరాత్‌కు తొలి గవర్నరు అయినారు. మా రెండు జిల్లాల బీదవారికి దశాబ్దాల పాటు అదొక్కటే దిక్కు. పాలమూరు కూలీలు బొంబాయి, పుణె నగరాలకు వలసపోయేవారు కనుక, మక్తల్, నారాయణపేట వైపు వారిలో కొందరు పరేల్‌లో 1941 నుంచి ఉన్న టాటా మెమోరియల్ ఆసుపత్రి గడప కూడా తొక్కినారు.

చికిత్స ఉన్నది, కాని అది ఉన్న చోటు ఎంత దూరం! మహబూబ్‌నగర్ నుంచీ నల్లగొండ నుంచీ హైదరాబాదు దాదాపు వంద కిలోమీటర్లు. గద్వాల, అచ్చంపేట, దేవరకొండల నుంచి ఇంకా ఎక్కువ. రేడియేషన్ ఒకనాటితో అయ్యేది కాదు. వారానికి అయిదు రోజుల చొప్పున అయిదు నుంచి ఏడు వారాలు. రోజూ వచ్చి పోలేరు. దూరపు చుట్టాల ఇండ్లలో, సత్రాలలో, లేదంటే ఆసుపత్రి చుట్టుపక్కల చెట్ల కింద ఉండేవారు. రోగితోపాటు మరొక మనిషి కూలి పోయేది. మూడు రాళ్ళ పొయ్యి మీద వండుకున్న అన్నం, చారు. నోరు పూసి మింగలేని రోగికి ఆ అన్నం ఎలా దిగుతుందన్న ప్రశ్న నాటి చికిత్సా పద్ధతిలో ఎవరి బాధ్యతా కాదు. యంత్రం దగ్గర కూర్చున్న డాక్టరు రోజుకు వందమందిని చూడాలి. నా సంగతీ అంతే, ఆయనను తప్పుపట్టలేను.

ఇంటికి వచ్చినాక ఇంకొక శిక్ష. కరెంటు పెట్టించుకున్న మనిషి ఒంట్లో ఆ కరెంటు ఉంటుందని చంటిపిల్లలను దగ్గరకు రానిచ్చేవారు కాదు. పళ్ళెం వేరు, చాప వేరు. బయటి యంత్రం నుంచి ఇచ్చే రేడియేషన్ యంత్రం ఆగిన క్షణంలో ఆగిపోతుంది. రోగి ఒంటి నుంచి ఎవరికీ ఏమీ రాదు. వ్యాధి కూడా ముట్టుకుంటే అంటదు. ఈ రెండు వాక్యాలు చెప్పడానికి అర నిమిషం చాలు. చెప్పకపోతే ఒక మనిషి సొంత ఇంట్లోనే ఏండ్ల తరబడి అంటరానిదవుతుంది.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి పట్టనివ్వండి. నాటు వైద్యం ఒకవైపు, ఇంగ్లీషు మందు ఒకవైపు అని మనం గీత గీస్తాం. కేన్సర్ మందుల చరిత్రలో ఆ గీత అంత తిన్నగా లేదు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా వెళ్ళకముందు మద్రాసులో ఆచంట లక్ష్మీపతి నడిపిన ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించినారు. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన సోదరులను బలి తీసుకున్నది. తరువాత అమెరికాలోని లెడర్లీ సంస్థలో ఆయన నాయకత్వాన ఫోలిక్ ఆమ్లం మీద పరిశోధన జరిగింది. ఆ ఆమ్లానికి విరోధంగా పనిచేసే అమినోప్టెరిన్‌ను బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్తకేన్సర్ సోకిన పిల్లలకు ఇచ్చి, వ్యాధి తాత్కాలికంగానైనా వెనక్కు తగ్గుతున్నదని 1948లో ప్రకటించినాడు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ నేటికీ వాడుతున్నాం. అదే 1948లో సుబ్బారావు కన్నుమూసినారు.

మన పెరట్లోని బిళ్ళగన్నేరు కథ ఇంకా చిత్రమైనది. కెనడాలోని వెస్టర్న్ అంటారియో విశ్వవిద్యాలయంలో రాబర్ట్ నోబుల్‌కు 1952లో జమైకా నుంచి కొన్ని బిళ్ళగన్నేరు ఆకులు చేరినాయి. అక్కడివారు వాటిని మధుమేహానికి కషాయం కాచుకుంటారు. చక్కెర తగ్గలేదు గాని, ఎక్కించిన ఎలుకల్లో తెల్లరక్త కణాలు పడిపోయినాయి. చార్లెస్ బీర్‌తో కలిసి ఆయన 1958 నాటికి విన్‌బ్లాస్టిన్‌ను వేరుచేసినాడు. దాని సోదరి విన్‌క్రిస్టిన్ 1963 నుంచి పిల్లల రక్తకేన్సర్ చికిత్సలో నిలబడి ఉన్నది.

ఈ కథ విన్నవారు నన్ను వెంటనే అడిగేది, "అయితే ఆ ఆకు నమిలితే పోలేదా?" అని. పోలేదు. గ్రాము విన్‌క్రిస్టిన్ తీయడానికి వందల కిలోల ఎండుటాకు కావాలి. దానిని రక్తనాళంలోకి మాత్రమే ఎక్కిస్తాం, ఒక విడతకు సాధారణంగా రెండు మిల్లీగ్రాములు దాటనివ్వం, దాటితే నరాలు దెబ్బతింటాయి. ఆకులో ఎంత ఉన్నదో ఎవరూ కొలవలేరు. మొక్కలో మందు ఉండడం వేరు, మొక్కే మందు కావడం వేరు. ఈ భేదం తెలియక కషాయం తాగి, వాంతులతో నా దగ్గరకు వచ్చినవారు ఉన్నారు.

మళ్ళీ మన జిల్లాలకు వద్దాం. 2007 ఏప్రిల్ 1న రాజీవ్ ఆరోగ్యశ్రీ మొదలయింది. తొలి విడతలో ఎంచుకున్న మూడు జిల్లాలు అనంతపురం, శ్రీకాకుళం, మన మహబూబ్‌నగర్. కరువు, వలసలే ఆ ఎంపికకు అర్హత అనుకుంటే బాధే గాని, ఆ ఎంపిక ఎందరికో ప్రాణం పోసింది. అదే ఏడాది డిసెంబరులో రెండో విడతలో నల్లగొండ చేరింది. తెల్ల కార్డు ఉన్న కుటుంబానికి ఏడాదికి లక్షన్నర రూపాయలు, అవసరమైతే మరో యాభై వేలు. కేన్సర్ శస్త్రచికిత్స, కీమో, రేడియేషన్ అన్నీ అందులో ఉన్నాయి. తెలంగాణలో ఆ పరిమితి 2023 డిసెంబరులో పది లక్షలకు పెరిగింది. దానికి ముందు నేను చూసిన రోగులలో ఎకరమో అరెకరమో అమ్మకుండా చికిత్స పూర్తి చేసుకున్నవారు అరుదు. సగంలో ఆపినవారు ఎక్కువ. ఆరోగ్యశ్రీ లోపాల గురించి ఎంతైనా మాట్లాడవచ్చు, నేనూ మాట్లాడినాను. కాని డబ్బు లేక చికిత్స ఆగే రోజులు చూసినవాడిని కనుక దాని విలువ తగ్గించి చెప్పలేను.

నా పదవీ విరమణకు ఏడాది ముందు, 2008లో, ఒక స్త్రీ వచ్చింది. రొమ్ములో గడ్డ. ఊరి పేరు విని, తల్లి సంగతి అడిగినాను. ఎడ్లబండి మీద వచ్చిన ఆమె కూతురే. తల్లి ఏడాది దాచుకున్న గడ్డను కూతురు నెల రోజుల్లో చూపించుకున్నది. ఆరోగ్యశ్రీ కార్డుతో ఆపరేషన్ అయింది, కీమో మొదలయింది. రెండో విడత తరువాత భర్తతో కలిసి నా దగ్గర కూర్చుని, "పథ్యం ఏంది సారూ?" అన్నది. ఈసారి నేను కాగితం తీసుకున్నాను.

ఆ కాగితం గురించి చెప్పేముందు, డబ్బు సమస్య తీరినాక మిగిలిన రెండు సంగతులు చెప్పాలి. ఒకటి ప్రకటనలు. ప్రయాణం సులువై, ఫోన్లు వచ్చినాక ఒకప్పటి ఊరి వైద్యుని స్థానంలోకి వెయ్యి మంది వచ్చినారు. లక్ష్మణఫలం తింటే కేన్సర్ మాయమన్నారు. మనుషులపై అది నిరూపణ కాలేదు. చక్కెర మానేస్తే గడ్డ ఎండిపోతుందన్నారు. 1931లో నోబెల్ బహుమతి పొందిన ఓటో వార్‌బర్గ్, గడ్డలోని కణాలు గ్లూకోజును విపరీతంగా వాడుకుంటాయని చూపినది నిజమే. కాని అన్నం, రొట్టె మానేస్తే గడ్డ తన గ్లూకోజును మన కండరాన్ని కరిగించి తీసుకుంటుంది. తిప్పతీగ రసం కరోనా కాలంలో ఇంటింటా తాగినారు. కొందరికి కాలేయం దెబ్బతిన్నదని ముంబై వైద్యులు 2021లో నివేదించినారు, ఆయుష్ మంత్రిత్వ శాఖ దానితో విభేదించింది. ఆ వాదన ఎలా తేలినా, కీమో మందుల భారాన్ని ఇప్పటికే మోస్తున్న కాలేయం మీద దానిని కూడా ఎత్తవద్దన్నదే నా సలహా. భస్మాల విషయం మరీ జాగ్రత్త. బోస్టన్ ప్రాంతపు దుకాణాల్లో అమ్మిన 70 ఆయుర్వేద మందులను పరీక్షిస్తే 14లో సీసం, పాదరసం లేదా ఆర్సెనిక్ ఉన్నట్లు 2004లో తేలింది.

యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో ప్రచురించిన ఒక అధ్యయనం నాకు మరచిపోరానిది. నయం చేయదగిన దశలో ఉండి, ప్రామాణిక చికిత్సను వద్దని ప్రత్యామ్నాయ వైద్యం మాత్రమే ఎంచుకున్న 281 మందిని వారు పరిశీలించినారు. మరణించే ముప్పు రెండున్నర రెట్లు, రొమ్ము కేన్సర్‌లోనైతే అయిదు రెట్లకు పైగా. చికిత్సకు 'బదులుగా' అన్నదానికీ, చికిత్సకు 'తోడుగా' అన్నదానికీ మధ్య ఉన్న దూరం ఇంత. తోడుగా అయితే నాకు అభ్యంతరం లేదు. యోగా, ధ్యానం, శ్వాస సాధనలు రొమ్ము కేన్సర్ రోగుల్లో ఆందోళననూ దిగులునూ తగ్గిస్తాయని అంగీకరించిన మార్గదర్శకాలను అమెరికా కేన్సర్ వైద్యుల సంఘం 2018లో ఆమోదించింది. గడ్డను కరిగిస్తాయని మాత్రం ఎక్కడా అనలేదు.

రెండోది నొప్పి. దీని గురించి రాయడానికి నాకు నేటికీ సిగ్గు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే కేన్సర్ నొప్పికి మూడు మెట్ల పద్ధతి ప్రకటించింది. పై మెట్టు మీద ఉన్నది మార్ఫిన్. చవకైన మందు, నోటి ద్వారా ఇవ్వవచ్చు. కాని మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వచ్చినాక దానిని దగ్గర ఉంచుకోవడానికి ఎన్నో లైసెన్సులు కావలసి వచ్చి, ఆసుపత్రులు ఆ తలనొప్పే వద్దనుకున్నాయి. నా మొత్తం సర్వీసులో నేను పనిచేసిన దవాఖానల్లో మార్ఫిన్ మాత్ర ఒక్కటి చూడలేదు. రాత్రంతా అరిచే మనిషికి పారాసిటమాల్ రాసి ఇంటికి పంపినాను. చట్ట సవరణ 2014లో గాని రాలేదు. కేరళలో మాత్రం కోజికోడ్‌లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేశ్ కుమార్ 1993లోనే ఉపశమన సంరక్షణ మొదలుపెట్టి దారి చూపినారు. హైదరాబాదు ఎం.ఎన్.జె.లో డాక్టర్ గాయత్రీ పాలాట్ ఆ పని చేపట్టినారు. ఆ అనుభవంతో చేవెళ్ళలో తొలి గ్రామీణ ప్రయత్నం, 2017 తరువాత ప్రభుత్వం తరఫున జిల్లాల్లో 'ఆలన' కేంద్రాలు, ఇంటికి వచ్చి పుండు కడిగి, మందులిచ్చి, ఇంటివారికి నేర్పి వెళ్ళే బృందాలు వచ్చినాయి. ఆలన అంటే చివరి రోజులకే అనుకునేవారు చాలామంది. చికిత్స మొదలైన నాటి నుంచే వారి సాయం తీసుకోవచ్చు. నొప్పికి మార్ఫిన్ వాడితే మత్తుకు బానిసలవుతారన్న భయం అక్కరలేదు. మలబద్ధకం మాత్రం తప్పక వస్తుంది, దానికి మందు కలిపే ఇస్తారు.

ఇక కాగితం. కూతురికి రాసినప్పుడు పైన పెద్ద అక్షరాలతో 'పథ్యం' అనే రాసినాను. సలహాలు అని రాయలేదు. పెట్టవలసిన తిండిని లెక్కతో రాసినాను. కేన్సర్ రోగికి కిలో బరువుకు రోజుకు ఒకటి నుంచి ఒకటిన్నర గ్రాముల మాంసకృత్తులు కావాలి. ఆమె బరువు యాభై కిలోలు, అంటే యాభై నుంచి డెబ్భై అయిదు గ్రాములు. జొన్నపిండి నూట యాభై గ్రాముల్లో పదిహేను వస్తాయి. ఆమె తల్లికి దక్కినది దాదాపు అంతే. దానికి అరవై గ్రాముల కందిపప్పు కలిపితే పదమూడు, రెండు ఉడికించిన గుడ్లకు పన్నెండు, పాలూ పెరుగూ కలిపి నాలుగు వందల మిల్లీలీటర్లకు పదమూడు, ముప్పై గ్రాముల వేయించిన పల్లీలకు ఏడు. మొత్తం అరవై. ఇందులో పట్నం నుంచి తేవలసిన డబ్బా పొడి ఒక్కటీ లేదు. పొద్దున తైద అంబలిలో పాలు, మధ్యాహ్నం మెత్తగా వండిన పప్పన్నం, ఒక్కసారిగా తినలేకపోతే రోజుకు ఆరుసార్లు కొంచెం కొంచెం. నల్లగొండ బత్తాయిలు తినవచ్చు, నోరు పూసిన రోజుల్లో మాత్రం పులుపు వద్దు.

'పప్పు తింటే చీము పడుతుంది' అన్నదానికి జవాబుగా ఒక వాక్యం విడిగా రాసినాను: గాయం మానడానికి కావలసిన ముడిసరుకు పప్పులోనే ఉన్నది. మానవలసినవీ రాసినాను, ఎందుకంటే నిషేధం లేని పథ్యాన్ని మా ఊళ్ళలో నమ్మరు. కీమో నడిచినన్నాళ్ళు పచ్చి ఆకుల రసాలు, పచ్చి గుడ్డు, బండి మీద కోసిన పండ్లు, నిలవన్నం, కాచని పాలు, పొగాకు, చుట్ట, గుట్కా. తెల్లకణాలు పడిపోయే రోజుల్లో, అంటే సాధారణంగా కీమో తరువాత ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు వరకు, వీటితో వచ్చే క్రిములు ప్రాణం తీయగలవు. ఆ రోజుల్లో జ్వరం 100.4 ఫారెన్‌హీట్ దాటితే తెల్లవారేదాకా ఆగరాదు, అదే రాత్రి ఆసుపత్రికి పోవాలి. థర్మామీటరు ఇంట్లో ఉండాలి. నుదుటి మీద చేయి పెట్టి చూడడం చాలదు.

కల్లు సంగతి ప్రత్యేకంగా అడగవలసి వచ్చింది. మా రెండు జిల్లాల్లో కల్లు చలవ అని ఆడవారూ తాగుతారు. దానిలో కలిపే మత్తుమందుల గురించి అందరికీ తెలుసు. రోజూ తాగే మనిషిని ఆసుపత్రిలో చేర్చి హఠాత్తుగా ఆపితే రెండు మూడు రోజులకు పిచ్చిచూపులు, వణుకు, ఫిట్స్ వస్తాయి. పట్నం డాక్టరు కేన్సర్ మెదడుకు పాకిందని కంగారుపడి స్కానింగులు చేయిస్తాడు. ముందే చెబితే చక్కబరచడం సులువు.

నోటి, గొంతు కేన్సర్ వారికి కాగితం వెనకవైపు వేరుగా రాస్తాను. రేడియేషన్‌కు ముందే పళ్ళ డాక్టరుకు చూపించుకోవాలి, తరువాత పీకితే దవడ ఎముక మానదు. లీటరు కాచి చల్లార్చిన నీటిలో చెంచా ఉప్పు, చెంచా తినే సోడా కలిపి రోజుకు అయిదారు సార్లు పుక్కిలించాలి. తమ మూడు వేళ్ళు నిలువుగా పట్టేంత నోరు తెరుచుకుంటున్నదా అని రోజూ చూసుకోవాలి, దవడ వ్యాయామం ఆపరాదు.

నడక గురించి గతంలో కొంత సంకోచంగా చెప్పేవాడిని. పెద్దపేగు కేన్సర్‌కు ఆపరేషన్, కీమో పూర్తయిన 889 మందిలో సగం మందికి మూడేండ్లు పర్యవేక్షణలో వ్యాయామం చేయించిన అధ్యయనం 2025లో వెలువడింది. ఎనిమిదేండ్లకు వ్యాయామం చేసిన నూరుమందిలో తొంభై మంది, చేయనివారిలో ఎనభై ముగ్గురు జీవించి ఉన్నారు. ఒక కొత్త మందు ఇంత మేలు చేస్తే కంపెనీలు పండుగ చేసుకునేవి. ఇప్పుడు సంకోచం లేదు. చేను గట్టు దాకా నడిచి రావడంతో మొదలుపెట్టి మెల్లగా పెంచితే చాలు. 'జబ్బు మనిషి, కదలనియ్యొద్దు' అని మంచానికి అంటగట్టే కోడళ్ళతో నేను తగువు పడతాను.

చికిత్స ముగిసినాక వచ్చే భయానికి మన భాషలో సరైన పేరు లేదు. ప్రతి దగ్గు, ప్రతి నడుం నొప్పి మళ్ళీ వచ్చిందేమోననిపిస్తుంది. చాలా వరకు కాదు. మా వైపు దీనికి వ్యతిరేకమైన పొరపాటు ఒకటి ఉన్నది. మునుగోడు, మర్రిగూడ వైపు ఎముకల నొప్పి ఏదైనా ఫ్లోరైడు నీళ్ళ ఖాతాలో వేసేస్తారు. ఎముకలకు పాకిన ప్రొస్టేట్ కేన్సర్ ఎక్స్‌రేలో ఫ్లోరోసిస్ లాగానే తెల్లగా, దట్టంగా కనబడగలదు. అరవై దాటిన మగవారికి కొత్తగా మొదలై రాత్రిపూట పెరిగే నడుం నొప్పి ఉంటే పి.ఎస్.ఏ. రక్త పరీక్ష ఒకటి చేయించమని అడగండి.

ఆ కూతురు ఏటా పరీక్షలకు హైదరాబాదు పోయి వస్తుంది, పోయే ముందు ఫోన్ చేస్తుంది. ఆపరేషన్ అయినవైపు చేయి వాపు రాకుండా నేర్పిన వ్యాయామాలు ఆపలేదు. నేను రాసిన కాగితాన్ని మండల కేంద్రంలోని జిరాక్స్ దుకాణంలో కాపీలు తీయించి, చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరికి ఈ జబ్బు వచ్చినా వాళ్ళింట్లో వంట చేసేవారికి చదివి వినిపించి వస్తున్నదని ఆమె భర్త చెప్పినాడు. కిందటి సంక్రాంతికి ఒక కాపీ నాకూ తెచ్చి ఇచ్చినారు. చివర ఆమె చేతిరాతలో ఒక వరుస అదనంగా ఉన్నది: "కల్లు తాగుతరని డాక్టరుకు చెప్పుండ్రి, సిగ్గు పడొద్దు."